చిన్నాయన మగ్గానికి చిన్న పోస్టులు: పని డైరీ

ఫిబ్రవరి: పేజీ నా చేతికొచ్చింది

పోచంపల్లి దగ్గర మా ఊళ్లో చిన్నాయన వాళ్లకు రెండు గుంత మగ్గాలున్నాయి, అంటే నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని నేసేవి. ఒకదాని మీద పట్టు, ఇంకోదాని మీద కాటన్. షాపులకు వేయగా మిగిలిన చీరలు నేరుగా అమ్ముకుందామని మా తమ్ముడు ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఒక ఫేస్‌బుక్ పేజీ, ఒక ట్విట్టర్ ఖాతా తెరిచి పెట్టాడు. ట్విట్టర్‌ను ఇప్పుడు ఎక్స్ అనాలట, నాకింకా నోరు తిరగలేదు. వాడికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక ఈ మూడూ నా నెత్తిన పడ్డాయి. నేను బాగా రాస్తానని కాదు, ఇంట్లో ఎప్పుడూ ఫోన్ పట్టుకుని కనిపించేది నేనే కాబట్టి.

పాత పోస్టులన్నీ కూర్చుని చదివాను. దాదాపు అన్నీ ఒకే పోత. “మనసు దోచే రంగులతో, కళ్లు చెదిరే డిజైన్లతో, అచ్చమైన పోచంపల్లి పట్టు చీరలు మీ కోసం! త్వరపడండి!” దీన్ని రాష్ట్రంలో ఏ చీరల షాపు పేజీలో అతికించినా అతుకుతుంది. చీర అన్నచోట బిర్యానీ అని పెట్టినా పెద్ద తేడా రాదు. దాని కింద హ్యాష్‌ట్యాగులు వరుసగా, పెళ్లి, పండగ, ఫ్యాషన్, ఇండియా, లవ్... ఒక మనిషి చెప్పిన మాట మాత్రం ఒక్కటి లేదు.

ఈసారి దసరా దాకా ఒక పద్ధతి పెట్టుకున్నాను. చిన్న పోస్టులే రాయాలి. పోస్టుకు ఒకటే సంగతి. “అద్భుతం”, “అపురూపం” లాంటి మాటలు వాడకూడదు. లైకులు లెక్క కాదు. “ఈ చీర ఉందా అండీ?” అని ఎవరైనా అడిగితే, లేదా పోస్టును దాచుకున్నా ఇంకొకరికి పంపినా అదే లెక్క. రాసినవి, తీసేసినవి ఇక్కడ వేసుకుంటూ పోతాను.

ఫిబ్రవరి: అక్షరాల లెక్క

ముందు ట్విట్టర్‌తో మొదలుపెట్టాను, ఎందుకంటే అక్కడ హద్దు గీసి ఉంటుంది. మామూలు ఖాతాకు 280 అక్షరాలు. 2017 నవంబరు దాకా అదీ 140 మాత్రమే. ఆ 140 కూడా ఎస్సెమ్మెస్ కాలం నాటి లెక్క. ఒక ఎస్సెమ్మెస్‌లో 160 ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి కదా, అందులో 20 ఖాతా పేరుకు వదిలేస్తే మిగిలింది 140. అదే ఎస్సెమ్మెస్ తెలుగులో పంపితే 70 దగ్గరే నిండిపోతుంది.

తెలుగులో రాసేవాళ్లకు అసలు చిక్కు వేరే ఉంది. మనం చూసే అక్షరం ఒకటి, మెషీన్ లెక్కపెట్టే అక్షరం ఒకటి. “లక్ష్మి” మన కంటికి రెండక్షరాలు. మెషీన్‌కు ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. “పోచంపల్లి” మనకు నాలుగు, దానికి తొమ్మిది. “ఫేస్‌బుక్” అని రాసేటప్పుడు వత్తు పడకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి పెడతాం, దాన్నీ ఒకటిగా లెక్కేస్తుంది. లింకు ఎంత పొడవున్నా, ఎంత పొట్టిగా ఉన్నా 23 పోతాయి.

అంటే ఇంగ్లిష్‌లో 280లో పట్టినంత సంగతి మనకు అంతే చోటులో పడుతుందని అనుకోవద్దు. కానీ ఈ లెక్క ఒక మేలు చేసింది. “ఉత్కృష్టమైన” అని రాస్తే 11 పోతున్నాయి, “మంచి” అంటే 4. పాత పోస్టుల్లోని బరువైన విశేషణాలన్నీ వత్తుల పుట్టలు. పొదుపు పేరు చెప్పి వాటిని ఏరేయడం సులువైపోయింది. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. తమ్ముడు కూడా “చోటు లేదుగా మరి” అని ఊరుకున్నాడు.

ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద 2,200 అక్షరాల దాకా రాసుకోవచ్చు గానీ, పేజీ పరిచయానికి 150 మాత్రమే ఇస్తారు. మా పరిచయంలో భూదానోద్యమం ఉంది, ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఇచ్చిన ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు ఉంది, 2005లో, దారానికి ముడులు కట్టి రంగు వేసి నేసే ఇక్కత్‌కు వచ్చిన భౌగోళిక గుర్తింపు ఉంది. ఇవన్నీ ఊరి గొప్పలు, నిజమే. కానీ చీర ఎవరు నేస్తారో, ఎలా కొనాలో చెప్పే చోటు మిగల్లేదు. మూడూ తీసేసి, “మేమే కడతాం, మేమే నేస్తాం, మేమే పంపుతాం. పోచంపల్లి దగ్గర రెండు మగ్గాలు. వాట్సాప్ చేయండి” అని పెట్టాను. తీసేసినవి ఊరికే పోవు. భూదానం ఏప్రిల్ 18కి పనికొస్తుందని పక్కన రాసుకున్నాను.

మార్చి: “ఇంకా చూడండి” అనే కత్తెర

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో హద్దు పెద్దదే, కానీ ఫోన్‌లో కనిపించేది మొదటి రెండు లైన్లు. మిగతాది “ఇంకా చూడండి” కింద దాక్కుంటుంది. దాన్ని నొక్కేవాళ్లు తక్కువ. నేనే నొక్కను.

ఇక్కడ తెలుగు వాక్యం మనల్ని బాగా ఇరుకున పెడుతుంది. మన క్రియ చివర్లో వస్తుంది. నామవాచకం ముందు చెప్పదలుచుకున్నవన్నీ గొలుసులా కట్టుకుంటూ పోతాం. తమ్ముడు రాసిన పోస్టొకటి చూడండి: “తరతరాలుగా మగ్గాన్నే నమ్ముకున్న మా కుటుంబం ఎంతో ఓపికతో ప్రతి పోగునూ చేత్తో కట్టి రంగులద్ది నెల రోజులు శ్రమించి నేసిన ఈ”... అంతే, కత్తెర పడింది. ఈ ఏమిటి? చీరా, దుప్పట్టానా? ఏమైంది దానికి? పాపం చదివేవాళ్లకు రెండు లైన్లు చదివినా ఏమీ తెలియలేదు.

చేసిన మార్పులు పెద్దవేమీ కావు. గొలుసును తెంపి చిన్న వాక్యాలు చేశాను. “ఈ చీర అంచులో ఏనుగులున్నాయి. అచ్చేసినవి కావు. దారానికి ముడులు కట్టి రంగు వేసినవి.” ఒక్కో వాక్యానికీ ఒక్కో క్రియ, అది తొందరగా వచ్చేస్తుంది. ఎక్కడ తెగినా అప్పటిదాకా చదివింది నిలబడుతుంది.

ఇంకో పద్ధతి మనకు నోటిమాటలో ఎప్పటినుంచో ఉంది. క్రియను ముందుకు తేవడం. “వచ్చిండు మీ మామ” అంటాం, “అయిపోయింది అన్నం” అంటాం. పేపర్ల హెడ్డింగుల్లోనూ చూస్తాం. “మగ్గం దిగింది నెమలికంఠం చీర” అని మొదలుపెడితే కొత్త చీర వచ్చిందన్న సంగతి నాలుగు మాటల్లో చేరిపోతుంది. అయితే ప్రతి పోస్టూ ఇలాగే మొదలైతే సినిమా డైలాగులా ఉంటుంది. కొత్త చీర దిగిన రోజుకే దాన్ని ఉంచుకున్నాను.

మార్చి: మగ్గం పక్కన కూర్చుని

పోస్టుల్లో ఏం రాయాలో చిన్నాయనను అడిగితే ఏమీ చెప్పడు. “నాకేం తెలుసు బిడ్డా, నువ్వే రాయి” అంటాడు. కానీ కొనడానికి ఎవరైనా ఇంటికొస్తే ఆగకుండా మాట్లాడతాడు. అందుకే శనివారాలు గుంత గట్టు మీద కూర్చుని, వచ్చినవాళ్లు ఏమడుగుతున్నారో, ఆయన ఏం చెబుతున్నాడో ఫోన్‌లో టైపు చేసుకుంటూ పోయాను.

ఒకావిడ అడిగింది: “ప్రింట్ చీరలు కూడా ఇట్లనే ఉన్నయి కదన్నా, ఎట్ల గుర్తుపట్టాలె?”

చిన్నాయన అడ్డం దారం నడిపే నాడె ఆపి, మగ్గం మీదున్న గుడ్డ కిందికి చేయి పెట్టి పైకి మడిచి చూపించాడు. “ఎన్కకు తిప్పి సూడమ్మా. ఎన్క, ముంగట ఒక్కతీర్గ ఉండాలె. మా దారం ముందే రంగు తాగుతది, తర్వాతనే మగ్గం ఎక్కుతది. అచ్చేసిందైతే ఎన్క ఎలిసినట్టు కనపడతది.”

ఇక నేను రాయడానికేముంది. ఆ మాటనే కాస్త సర్ది పోస్టు చేశాను:

“మా దారం ముందే రంగు తాగుతది, తర్వాతనే మగ్గం ఎక్కుతది. అందుకే చీర వెనకా ముందూ ఒక్కతీరు. తిప్పి చూడండి.”

మెషీన్ లెక్కలో ఇది సరిగ్గా 100. ఇందులో చీర ఎలా తయారవుతుందో ఉంది, ఎందుకు నమ్మాలో ఉంది, చదివినవాళ్లు వెంటనే చేయగలిగిన పనీ ఉంది. ఇంకో 180 అక్షరాల చోటు ఖాళీగానే వదిలేశాను. ఏదో ఒకటి నింపుదామని వేళ్లు దురద పెట్టాయి గానీ ఆపుకున్నాను.

ఇప్పటిదాకా పెట్టిన వాటన్నిటిలో ఎక్కువమంది దాచుకున్నది, ఎక్కువమంది వాట్సాప్‌లో పంపుకున్నది ఇదే. చాలామంది తమ బీరువాలో ఉన్న చీర తిప్పి ఫొటో తీసి “ఇది చిటికేనా చూడండి” అని పంపారు. చిటికి అంటే ఇక్కతే. చూసి చెప్పడం చిన్నాయనకు కొత్త పని అయింది. కొన్ని ఫొటోలకు జవాబు చెప్పడానికి ఆయన మొహమాటపడ్డాడు. పాపం పెళ్లికి పెట్టిన చీర, అచ్చుదని ఎట్లా చెప్పాలి?

ఒకాయన కామెంటు పెట్టాడు, “తాగుతది, ఎక్కుతది ఏమిటి, తెలుగు సరిగ్గా రాయండి” అని. ఆలోచించి ఒక పద్ధతి పెట్టుకున్నాను. చిన్నాయన, చిన్నమ్మ చెప్పిన మాట వాళ్ల నోట వచ్చినట్టే ఉంటుంది. సైజులు, ధరలు, పంపే వివరాలు మామూలు రాత భాషలో. ఆయనకు “ఇది మా చిన్నాయన మాటండీ” అని జవాబిచ్చాను. తర్వాత ఆయనే ఒక కాటన్ చీర కొన్నాడు. అది వేరే సంగతి.

ఏప్రిల్: ధర రాయాలా వద్దా

దీని మీద ఇంట్లో చాలా రోజులు చర్చ నడిచింది. నాది ఒకటే మాట. “ధర కోసం మెసేజ్ చేయండి” అన్న పోస్టు చూస్తే నాకే చిరాకు. అడిగితే కొనాల్సి వస్తుందేమో అని చాలామంది అడగనే అడగరు. ధర రాస్తే ఊరికే అడిగేవాళ్లు తగ్గుతారు, నిజంగా కొనేవాళ్లు మిగులుతారు.

చిన్నాయన బాధ వేరు. మా చీరలు తీసుకునే షాపులవాళ్లు మా పేజీ కూడా చూస్తారు. మేం నేరుగా అమ్మే ధర అందరికీ కనిపిస్తే, అదే చీరను ఎక్కువ ధరకు అమ్ముకునే షాపాయనకు కోపం రాదా? వచ్చింది కూడా. ఒకరు ఫోన్ చేసి “మీరే దుకాణం పెట్టుకోండి ఇంక” అన్నారు. మగ్గం నడిచేది ఆ షాపుల ఆర్డర్ల మీదే. పేజీ మీద కాదు.

చివరికి తేలిందేమంటే, కాటన్ చీరలకు, దుపట్టాలకు ధర పోస్టులోనే. పట్టుకు అడిగితేనే. నాకు పూర్తిగా నచ్చలేదు. కానీ టెన్షన్ పడేది ఆయన కదా. ధర ఎక్కడ పెట్టాలన్నది మాత్రం నా ఇష్టానికి వదిలారు. మొదటి లైన్లో పెట్టను. మొదటి లైన్లో ధర ఉంటే సంతలా ఉంటుంది. మరీ చివర్లో పెడితే కత్తెర కిందికి పోతుంది. రెండో వాక్యంలో, చీర ఏమిటో చెప్పిన వెంటనే.

ఏప్రిల్ 18

ఫిబ్రవరిలో పక్కన రాసుకున్నది బయటికి తీశాను. 1951లో ఇదే రోజున వినోబా భావే పోచంపల్లి వచ్చారు. భూమి లేని వాళ్లు తమకు భూమి కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తానని ముందుకొచ్చారు. దేశమంతా నడిచిన భూదానోద్యమం అక్కడ మొదలైంది.

మొదటి ముసాయిదాలో ఉద్యమం చరిత్ర అంతా ఉంది, పాఠ్యపుస్తకంలా. తర్వాత ఇలా కుదించాను: “మా ఊరి పక్కన ఒకాయనను భూమి అడిగితే వంద ఎకరాలు ఇచ్చాడు. 1951 ఏప్రిల్ 18. అప్పటినుంచే అది భూదాన్ పోచంపల్లి.” చీర మాట ఎత్తలేదు. ఒక్క చీర కూడా అమ్మలేదు ఈ పోస్టు. కానీ ఊరివాళ్లు, ఊరొదిలి వెళ్లినవాళ్లు ఎవరెవరో వచ్చి పలకరించారు. పేజీకి మనుషులు కావాలి కదా, అందరూ కొనేవాళ్లే కానక్కర్లేదు.

మే: ఫొటో చెప్పలేనిది

ఒక అలవాటు మానేయడానికి టైం పట్టింది. ఫొటోలో ఎర్ర చీర ఉంటే కింద “ఎర్ర చీర” అని రాయడం. కనిపిస్తూనే ఉంది కదా. రెండు లైన్ల చోటులో ఒక లైను దానికే పోతే ఎట్లా?

అందుకని ఫొటో చూపలేని సంగతులు ఏరడం మొదలుపెట్టాను. బరువు, చల్లదనం, చప్పుడు, వాసన, ఎన్ని రోజులు పట్టింది. వాసన అనగానే తేలియా రుమాలు గుర్తొచ్చింది. పుట్టపాకలో మా చుట్టాలు నేస్తారు. అసలు చీరాల వైపు పుట్టిన పని అది, ఇప్పుడు పుట్టపాకలో నిలిచింది, 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దారాన్ని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెడతారు. ఎరుపు, నలుపు, తెలుపు. వాళ్ల దగ్గర తెచ్చిన దుపట్టా ఫొటో కింద ఇంతే రాశాను: “మడత విప్పితే నూనె వాసన వస్తుంది. ఉతికినా పూర్తిగా పోదు. అది లోపం కాదు, దారానికి నూనె పట్టించాకే రంగు వేస్తారు.” కొన్నవాళ్లు పార్సిల్ విప్పి వాసన చూసి భయపడకుండా ఇది ముందుజాగ్రత్తగా కూడా పనికొచ్చింది.

రంగు సంగతి ఒక్కచోట మాత్రం రాయక తప్పదు. నెమలికంఠం చీర ఒక ఫోన్‌లో నీలం, ఇంకో ఫోన్‌లో పచ్చ. కాబట్టి “పొద్దున గుమ్మం దగ్గర వెలుగులో తీసిన ఫొటో, మీ ఫోన్‌లో కాస్త తేడా ఉండొచ్చు” అన్న లైను కాపీ చేసి పెట్టుకున్నాను. ప్రతి పట్టుచీర పోస్టుకూ చివర్లో ఉంటుంది. ఇదొక్కటే నేను మార్చకుండా వాడే వాక్యం.

ఫొటోకు విడిగా వివరణ రాసే గడి ఒకటి ఉంటుంది, చూపు లేనివాళ్లకు ఫోన్ దాన్ని చదివి వినిపిస్తుంది. అక్కడ రంగు, అంచు, కొంగు పూర్తిగా రాస్తాను. పోస్టులో కోసేసినవన్నీ అక్కడ చోటు చేసుకున్నాయి. ఇంకో సంగతి, ఫొటో మీదే తెలుగు అక్షరాలు వేస్తే ఫోన్ చదవలేదు, పైగా కొన్ని యాప్‌లలో వత్తులు విడిపోయి పక్కకు పడతాయి. పోస్టర్లు మానేశాం. డీటీపీ వాళ్ల దగ్గర టైపు చేయించిన పాత కరపత్రం నుంచి నాలుగు లైన్లు కాపీ చేద్దామనుకుంటే పిచ్చి గుర్తులన్నీ వచ్చాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షరాలు కావు. కూర్చుని మళ్లీ కొట్టుకోవడమే.

జూన్: డాలస్ వాళ్ల సాయంత్రం

మా చీరలు కొనేవాళ్లలో అమెరికాలో ఉన్న మనవాళ్లు బాగానే ఉన్నారు. ఎక్కువమంది డాలస్ చుట్టుపక్కల. ఇక్కడ పొద్దున ఏడింటికి పోస్టు పెడితే, వేసవిలో వాళ్లకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. వంట అయిపోయి ఫోన్ పట్టుకునే టైం. ఇక్కడివాళ్లకు టీ టైం. ఇద్దరికీ కుదిరేది అదొక్కటే.

అక్కడి పిల్లలకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. కొంతమంది మెసేజ్ పెట్టారు, అమ్మ చదివి చెబితే తప్ప తెలియడం లేదని. ఇంగ్లిష్‌లో పక్కనే ఇంకో పోస్టు పెట్టి చూశాను. ఏదో గవర్నమెంటు బ్రోచర్‌లా వచ్చింది. దానికన్నా అదే రెండు లైన్లు చిన్నాయన గొంతులో చదివించి, మగ్గం చప్పుడు వెనకాల వినిపిస్తుంటే చిన్న వీడియో చేయడం నయం అనిపించింది. ఆయన కెమెరా ముందు బిగుసుకుపోతాడు. చేతులు మాత్రమే చూపిస్తానంటే ఒప్పుకున్నాడు. నోటితో చెప్పే మాటకు కూడా చిన్న పోస్టు నియమమే: మొదటి ఊపిరిలో అసలు సంగతి వచ్చేయాలి.

జులై: వానలు

వానలు పట్టాయి. దారం ఆరదు. గుంతలో చెమ్మ ఊరుతుంది. రెండు చీరలు ఆలస్యమయ్యాయి, డబ్బు కట్టినవాళ్లు అడుగుతున్నారు.

ఇలాంటి పోస్టుకు మామూలుగా రాసేది, “అనివార్య కారణాల వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.” రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటులా. చదివినవాళ్లకు కారణం తెలియదు, ఎప్పుడొస్తుందో తెలియదు. నేను రాసింది: “వానకు దారం ఆరడం లేదు. తడి దారం మగ్గం ఎక్కిస్తే డిజైను జరిగిపోతుంది. మీ చీర వచ్చే వారం పంపుతాం. ఆగలేమంటే డబ్బు వాపసు.” దండెం మీద వేలాడుతున్న దారం ఫొటో ఒకటి జోడించాను. ఎవరూ వాపసు అడగలేదు. ఒకామె మాత్రం, “మా ఇంట్లోనూ బట్టలు ఆరడం లేదు లెండి” అని రాసింది.

ఆగస్టు 7

జాతీయ చేనేత దినోత్సవం. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్లో స్వదేశీ ఉద్యమాన్ని ప్రకటించిన గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు ఫోన్ తెరిస్తే చాలు, రాట్నం బొమ్మ, జెండా, శుభాకాంక్షలు. నాయకులు, బ్యాంకులు, బంగారు షాపులు, అందరూ. ఆ వరదలో మేం కూడా శుభాకాంక్షలు చెబితే ఎవరికి కనిపిస్తుంది? పైగా నేసేవాళ్లం మేమే, మేం ఎవరికి చెప్పాలి?

వారం ముందునుంచే రాస్తూ కొట్టేస్తూ ఉన్నాను. 1905 గురించి రాసింది తీసేశాను, పేపర్లలో అదే ఉంటుంది. పోగుల లెక్క రాసింది తీసేశాను, నేతపని వాళ్లకు తప్ప ఎవరికీ ఎక్కదు. చివరికి చిన్నమ్మ దగ్గర దొరికింది.

ఆసు గురించి తెలియని వాళ్లకు చెప్పాలి. ఇక్కత్‌కు దారం కట్టే ముందు దాన్ని ఒక చట్రం మీద పోయాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా సగం చుట్టులా వరుసగా మేకులు. దారం పట్టుకుని ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్లీ వెనక్కి, చేయి తిప్పుతూనే ఉండాలి. ఒక చీరకు సుమారు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000. ఇది ఇళ్లలో ఆడవాళ్ల పని. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారు చేశారు, దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మి ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది.

చిన్నమ్మను అడిగాను, మిషను రాకముందు ఎట్లుండేదని. కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా చెప్పింది. “ఏముంటది, పొద్దుగూకేసరికి చెయ్యి లేవకపోయేది. జడేసుకుందామంటే మా చెల్లెను పిలుసుకునేదాన్ని.”

పోస్టు: “ఒక చీరకు ఆసు పోయాలంటే చేయి 9,000 సార్లు తిప్పాలి. మిషను రాకముందు, సాయంత్రమైతే మా చిన్నమ్మ తన జడ తాను వేసుకోలేకపోయేది.”

ఫొటో: గోడకు ఆనించి ఉన్న పాత ఆసు చట్రం, మేకుల దగ్గర దారం ఒరుసుకుని అరిగిన గాట్లు. మల్లేశం గారి సంగతి, యంత్రం సంగతి మొదటి కామెంటులో పెట్టాను. రెండూ పోస్టులోనే ఉంటే జడ మాట వెనక్కి పోయేది. చదివేవాళ్లు పద్మశ్రీ దగ్గర ఆగిపోతారు.

కింద “చీరల కోసం సంప్రదించండి” అని కలుపుదామా అని తమ్ముడు అడిగాడు. చిన్నమ్మే వద్దంది. “నా నొప్పి చెప్పి చీర అమ్ముతవారా?” అంది. కలపలేదు.

కామెంట్లు చదవడానికి రెండు రోజులు పట్టింది. అన్నీ ఆడవాళ్లవే, చుట్టుపక్కల ఊళ్ల నుంచి. ఒకామె వాళ్లమ్మ ఎడమ చేత్తో అన్నం తినేదని రాసింది. ఒకామె తన పెళ్లి చూపులప్పుడు భుజానికి కట్టుతో ఉన్నానని రాసింది. నేను జవాబులేమీ రాయలేదు, చిన్నమ్మకు చదివి వినిపించాను. ఆమె కొందరిని పేరుతో గుర్తుపట్టింది.

ఆగస్టు: మన మాట, వాళ్ల చీర

మార్చిలో పెట్టిన “తిప్పి చూడండి” పోస్టును అక్షరం మార్చకుండా ఎత్తి, అచ్చు చీర ఫొటో కింద పెట్టుకున్న పేజీ ఒకటి కనిపించింది. పేరు రాయను. కోపంతో పెద్ద పోస్టు రాశాను. దొంగతనం, మా కష్టం, మా హక్కు, అన్నీ. రాత్రంతా డ్రాఫ్టులోనే ఉంచి పొద్దున చదివితే, పోట్లాట చూడ్డానికి వచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ పనికిరాదనిపించింది. చీర కొనేవాళ్లకు దానివల్ల ఏం తెలుస్తుంది?

దాని బదులు బజారులో తెచ్చిన అచ్చు చీర ఒకటి, మాది ఒకటి పక్కపక్కన పెట్టి రెండు ఫొటోలు తీశాను. కింద ఒకటే వాక్యం: “రెండు ఫొటోలూ చీర వెనక వైపువే.” ఒకటి వెలిసిపోయి ఉంది, ఒకటి నిండుగా ఉంది. చిన్నాయన చూసి, “గిదే మంచిగుంది, ఎవల్నీ ఏమనలే” అన్నాడు. ఇప్పటిదాకా రాసినవాటిలో అతి చిన్నది ఇదే.

అదే నెలలో, వీడియోలు చేసే ఒకమ్మాయి పట్టు చీర ఉచితంగా ఇస్తే మా గురించి పోస్టు పెడతానంది. ఉచితంగా తీసుకున్నానని అందులో రాస్తారా అని అడిగాను. 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రాసి తీరాలి. ఆ తర్వాత జవాబు రాలేదు.

సెప్టెంబరు: ఎక్కడ అమ్ముతోంది

ఇన్ని నెలల తర్వాత చూస్తే డబ్బు వచ్చేది ఎక్కువగా వాట్సాప్ స్టేటస్ నుంచి. 24 గంటల్లో పోతుంది, అయినా. ఒకసారి కొన్నవాళ్లు నంబరు సేవ్ చేసుకుంటారు, పొద్దున్నే స్టేటస్‌లు చూస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్తవాళ్లు పరిచయమవుతారు, కొనేది మాత్రం వాట్సాప్‌కు వచ్చాకే. ట్విట్టర్‌లో చీరలు దాదాపు అమ్మవు. కానీ జర్నలిస్టులు, చేనేత మీద పనిచేసేవాళ్లు, వాదించేవాళ్లు అక్కడే ఉంటారు. వాక్యం పదును పెట్టుకోవడానికి నేను ముందు అక్కడే రాస్తాను. అక్కడ పట్టిందంటే ఎక్కడైనా పడుతుంది.

స్టేటస్‌లో రాసే తీరు ఇంకొంచెం వేరు. చూసేవాళ్లు తెలిసినవాళ్లే కాబట్టి పరిచయం అక్కర్లేదు. “వంకాయ రంగు కాటన్, బతుకమ్మకు అందుతుంది. ఒకటే ఉంది.” అంతే. “ఒకటే ఉంది” అని నిజంగా ఒకటే ఉన్నప్పుడు రాస్తాను. మా రెండు మగ్గాల పనికి ఆ మాట దాదాపు ఎప్పుడూ నిజమే అవుతుంది.

హ్యాష్‌ట్యాగులు రెండు మూడుకు దించాను: పోచంపల్లి, ఇక్కత్, చేనేత. తేడా ఏమీ కనిపించలేదు, చూడ్డానికి మాత్రం శుభ్రంగా ఉంది.

ఇప్పుడు పట్టు మగ్గం మీద డబుల్ ఇక్కత్ పడుగు ఎక్కింది. పడుగుకూ పేకకూ రెండింటికీ ముడులు కట్టి రంగు వేశారు, రెండూ కలిసే చోట డిజైను సరిగ్గా కుదరాలి. దాని మీద పోస్టు ముసాయిదా ఇదీ: “నిలువు దారంలో సగం పువ్వు. అడ్డం దారంలో సగం పువ్వు. మగ్గం మీద రెండూ కలవాలి.” చిన్నాయనకు చదివి వినిపించాను. బాగుందనలేదు, బాగాలేదనలేదు. “మొదాలు కలవనీ, తర్వాత రాద్దువు” అన్నాడు. ఇంకా కొంగు మొదలుకాలేదు. దసరా లోపు ఫొటో దొరికితే పెడతాను, లేకపోతే దీపావళికి.